తూప్రాన్ నుంచి అల్వాల్ దాకా గద్దర్ పాట

గద్దర్ పేరుతో తెలుగు జనమంతా ఎరిగిన గుమ్మడి విఠల్ రావు జీవితం చాలావరకు హైదరాబాద్‌కు ఉత్తరాన ఉన్న నేల మీదే నడిచింది. ఆయన పుట్టిన తూప్రాన్, మేడ్చల్ మీదుగా నాగపూర్ వైపు సాగే జాతీయ రహదారి మీద ఉంది. ఆయన ఇల్లు అల్వాల్ పక్కనే ఉన్న వెంకటాపురంలో. సమాధి కూడా అల్వాల్‌లోనే, ఆయన పేద పిల్లల కోసం పెట్టిన మహాబోధి విద్యాలయం ఆవరణలో. రహదారికి పడమటి వైపు జీడిమెట్ల, షాపూర్‌నగర్, సూరారం ఉంటే, తూర్పు వైపు అల్వాల్, బొల్లారం, శామీర్‌పేట ఉన్నాయి. సూరారం నుంచి అల్వాల్‌కు పది కిలోమీటర్లు అటూ ఇటూగా ఉంటుంది. ఆయన పాట రాష్ట్రాలు దాటి పోయినా, ఆయన మాట, నడక, కోపం ఈ నేలవే.

ఈ ప్రాంతం స్వరూపం మారిన తీరు తెలిస్తే ఆ పాటను విన్నవాళ్లు ఎవరో తెలుస్తుంది. సూరారం ఒకప్పుడు చెరువు కింద వరి పండించుకునే పల్లె. చెరువుకట్ట మీది మైసమ్మ అందరి దేవత. కట్టమైసమ్మ జాతర నేటికీ సాగుతోంది. బాలానగర్‌లో ఐడీపీఎల్, చింతల్‌లో హెచ్‌ఎంటీ వచ్చాక, 1970ల నుంచి జీడిమెట్లలో పారిశ్రామికవాడ పెరిగింది. మందుల కంపెనీలు, రసాయనాల ఫ్యాక్టరీలు, చిన్న చిన్న షెడ్లు లేచాయి. మెదక్, నల్లగొండ, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం నుంచి కూలీలు వచ్చి చుట్టుపక్కల బస్తీలు కట్టుకున్నారు. తర్వాతి కాలంలో ఒడిశా, బిహార్ నుంచీ వచ్చారు. పల్లెపాట చెవుల్లో ఉండగానే ఫ్యాక్టరీ షిఫ్టుకు అలవాటు పడ్డ జనం వీళ్లు. నాటుపాట బాణీలో కూలిరేట్ల గురించి, వడ్డీ గురించి, పోలీసు దెబ్బల గురించి పాడేవాడు ఎదురైతే, అతని పాట వీళ్లకు ఒక్కసారి వినగానే నోటికొచ్చేది.

విఠల్ రావు 1940ల చివర ఒక దళిత కుటుంబంలో పుట్టారు. జయంతిని జనవరి 31న జరుపుతారు. తండ్రి శేషయ్య, తల్లి లచ్చుమమ్మ. పొలం పనుల్లో తల్లి పాడే పాటల నుంచే తనకు పాట అబ్బిందని ఆయన చెప్పుకునేవారు. చదువు నిజామాబాద్‌లో, హైదరాబాద్‌లో సాగింది. ఉస్మానియాలో ఇంజనీరింగ్‌లో చేరారు గానీ, 1969 తెలంగాణ ఉద్యమం ఆ తరం విద్యార్థులను తరగతి గదుల్లో ఉండనివ్వలేదు. ఆ రోజుల్లో ఆయన బుర్రకథ దళం కట్టి ఊళ్లలో కథలు చెప్పారు.

బుర్రకథ అప్పటికే రాజకీయం నేర్చిన కళ. 1940ల్లో వామపక్ష కళాసంస్థ ప్రజానాట్యమండలి తరఫున షేక్ నాజర్ దాన్ని ఊరూరా తిప్పారు. నడుమ కథకుడు, ఒక పక్క రాజకీయ వంత, ఇంకో పక్క హాస్య వంత. కథ ఆపి వర్తమానం మాట్లాడటానికి, నవ్వించి మళ్లీ కథలోకి లాక్కుపోవడానికి అందులోనే చోటుంది. గద్దర్ వేదిక మీద చివరిదాకా చేసింది ఇదే. పాట మధ్యలో ఆగుతారు, ఎదుట కూర్చున్నవాళ్లను ఒక ప్రశ్న అడుగుతారు, జవాబు వినిపించాక గజ్జె కట్టిన కాలు నేలకేసి కొట్టి మళ్లీ చరణం అందుకుంటారు. ఆ ఆగడం ఎక్కడ, ఎంతసేపు అన్నది ఏ సంగీత పాఠశాలా నేర్పదు. అది ఆయనకు బుర్రకథ ఇచ్చిన ఆస్తి.

చిత్ర దర్శకుడిగా తర్వాత పేరు పొందిన బి. నర్సింగరావు అప్పట్లో ఆర్ట్ లవర్స్ అనే సంస్థను నడిపేవారు. ఆయన ప్రోత్సాహంతోనే 1971లో విఠల్ రావు రిక్షా తొక్కేవాళ్ల మీద తొలి పాట రాశారు. నగరంలో సైకిల్ రిక్షాలు కిక్కిరిసి ఉన్న కాలమది. 1972లో విప్లవ సాంస్కృతిక సంస్థ జననాట్యమండలి ఏర్పడింది. ఉత్తరాంధ్ర నుంచి వంగపండు ప్రసాదరావు అందులో భాగమయ్యారు. 1913లో అమెరికాలోని భారతీయ వలసకార్మికులు స్వాతంత్ర్యం కోసం పెట్టిన గదర్ పార్టీ మీది గౌరవంతో విఠల్ రావు తొలి పాటల సంపుటికి ‘గద్దర్’ అని పేరు పెట్టారు. పుస్తకం పేరే మనిషి పేరైంది. ఆపైన విఠల్ రావు అంటే తెలిసినవాళ్లు తగ్గిపోయారు.

జననాట్యమండలి పాట కట్టే పద్ధతిని కొంచెం దగ్గర నుంచి చూడాలి. ముందు బాణీ, తర్వాత మాట. బాణీ జనానికి ముందే తెలిసినదై ఉంటుంది: నాట్లు వేసేటప్పుడు పాడేది, బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడేది, ఒగ్గుకథలో ఢమరుకం మీద నడిచేది, కోలాటంలో అడుగు వేయించేది. దాని మీద కొత్త మాటలు కూర్చుతారు. పల్లవి చిన్నది, వంత పాడేవాళ్లకు ఇద్దరు ముగ్గురికి సరిపోయేది. రెండోసారి పల్లవి వచ్చేసరికి జనం కూడా అందుకోవాలి, మూడోసారికి పాడేవాడు ఆగిపోయినా పాట ఆగకూడదు. మాటల్లో పిలుపు ఎక్కువ. అన్నా, అక్కా, చెల్లెమ్మా, బిడ్డా, కొడుకా అని ఎవరినో ఒకరిని ఎదురుగా నిలబెట్టుకుని పాట మాట్లాడుతుంది. సినిమా పాటలో ప్రేయసిని పిలిచినట్టు, భక్తి పాటలో దేవుణ్ని పిలిచినట్టు, ఈ పాటలు రిక్షావాణ్ని, బీడీలు చుట్టే ఆడబిడ్డను, కూలికి పోయే తల్లిని పిలిచాయి. తమను పేరుపెట్టి పిలిచిన పాటను జనం మరిచిపోలేదు. గద్దర్ పాట ఇంతకాలం నిలవడానికి అసలు కారణం ఇక్కడే ఉంది. ఆయన జనం బాణీని తీసుకుని, అందులో జనం బతుకు నింపి, తిరిగి వాళ్లకే ఇచ్చారు. అది మొదటినుంచీ వాళ్లది కాబట్టి దాచుకోవడం వాళ్లకు కష్టం కాలేదు.

వాద్యాలూ అలాంటివే. డప్పు చెక్కవలయం మీద బిగించిన మేకతోలు. వాయించే ముందు గడ్డి మంట వేసి తోలును కాచుతారు. వేడికి తోలు బిగుసుకుని గొంతు తేలుతుంది, చల్లబడితే మొద్దుబారుతుంది, మళ్లీ మంట దగ్గరకు తీసుకెళ్లాలి. కుడిచేతిలో లావుపాటి సిర్ర, ఎడమచేతిలో సన్నని చిటికెన పుల్ల. చావుకూ, జాతరకూ, చాటింపుకూ మాత్రమే పిలిచి, మిగతా రోజుల్లో దూరం పెట్టిన కులాల వాద్యమిది. దాన్ని సభావేదిక మధ్యలోకి తెచ్చిన పేరు ఒక్క గద్దర్‌దే అనడం తప్పు. అది దళిత కళాకారులు ఎంతోమంది చేసిన పని. కానీ డప్పు మోగితే నగరం తిరిగి చూడటం ఆయన సభల నుంచే అలవాటైంది. కురుమలు నల్లగొర్రె ఉన్నితో నేసే గొంగడి భుజాన, నడుముకు గోచి, చేతిలో కర్ర, మెడలో ఎర్ర రుమాలు, కాళ్లకు గజ్జెలు. ఈ వేషమంతా తెలంగాణ గొర్లకాపరిది, పాలేరుది. రంగస్థలం కోసం కుట్టించుకున్న దుస్తులు ఇందులో ఏవీ లేవు.

1979లో నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలుగా గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ సినిమా ఈ వేషాన్ని, ఈ గొంతును తెరకెక్కించింది. నిజాం పాలన మీద బండి యాదగిరి తెలంగాణ సాయుధ పోరాట కాలంలో కట్టిన ‘బండెనక బండి కట్టి’ని గద్దర్ అందులో పాడి, ఆడి చూపించారు. దాంతో ఒక చిత్రమైన సంగతి జరిగింది. ఆ పాట గద్దర్ రాసిందేనని లక్షలమంది నమ్మారు. ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. అలాగే ఆదిలాబాద్ జిల్లా లింగాపురం నుంచి వచ్చిన గూడ అంజయ్య రాసిన ‘ఊరు మనదిరా’ను కూడా ఆయన ఖాతాలో వేసేస్తారు. అభిమానం ఎక్కువైన చోట ఇలాంటి పొరపాట్లు సహజమే గానీ, యాదగిరి, అంజయ్యల పేర్లు మరుగున పడటం న్యాయం కాదు. గద్దర్ గొప్పతనం నిలబడటానికి వాళ్ల పాటలు అరువు తెచ్చుకోనక్కరలేదు.

1975లో ఆయన కెనరా బ్యాంకులో గుమాస్తాగా చేరారు. పగలు లెడ్జర్లు, సాయంత్రం పాట. 1984లో ఆ ఉద్యోగం వదిలి పూర్తికాలం జననాట్యమండలికి ఇచ్చేశారు. 1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో దళితుల మీద ఊచకోత జరిగింది. దాన్ని నిరసిస్తూ ఆయన ఊరూరా పాడారు. పోలీసుల ఒత్తిడి పెరగడంతో అదే ఏడు అజ్ఞాతంలోకి వెళ్లారు. అడవుల్లో, ఆదివాసీ గూడేల్లో దాదాపు అయిదేళ్లు గడిచాయి.

మనిషి కనబడని ఆ అయిదేళ్లలో పాట మాత్రం ఆగలేదు. క్యాసెట్ అప్పుడు కొత్తది, చవకది. టేప్‌రికార్డర్ ఉన్న ఇల్లు బస్తీకి ఒకటో రెండో ఉండేవి, అక్కడికే చుట్టుపక్కలవాళ్లు చేరేవారు. ఒక క్యాసెట్ నుంచి ఇంకో క్యాసెట్‌కు ఎక్కించుకుంటూ పోతే శబ్దం కరకరలాడేది, గొంతు పీలగా అయ్యేది, అయినా ఎవరికీ లెక్కలేదు. పేపర్లో రాని వార్త, రేడియోలో రాని పాట ఆ పద్ధతిలోనే ఊరు దాటింది. సినిమా పాటకు రేడియో ఎంతో, విప్లవ పాటకు క్యాసెట్ అంత. ఈ పాటల అభిమానులు ముందు శ్రోతలుగా, వెంటనే గాయకులుగా మారారు. నేర్చుకున్న ప్రతివాడూ ఇంకో పదిమందికి పాడి వినిపించాడు.

మర్రి చెన్నారెడ్డి ప్రభుత్వం నక్సలైట్ల మీద ఆంక్షలు సడలించాక గద్దర్ 1990 ఫిబ్రవరిలో బయటికి వచ్చారు. ఫిబ్రవరి 20న నిజాం కాలేజీ మైదానంలో సభ పెడితే రెండు లక్షలమంది వచ్చారని చెబుతారు. ఆ సడలింపు ఎక్కువకాలం నిలవలేదు. 1992లో, జననాట్యమండలికి అండగా ఉన్న నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్ మీద నిషేధం పడింది.

1997 ఏప్రిల్ 6న వెంకటాపురంలోని ఇంటికి వచ్చిన గుర్తుతెలియని వ్యక్తులు ఆయన మీద తుపాకులు పేల్చారు. ప్రాణం దక్కింది గానీ, ఒక తూటా వెన్నెముక దగ్గరే ఉండిపోయింది. తీస్తే ప్రమాదమని డాక్టర్లు తీయలేదు. తర్వాతి ఇరవై ఆరేళ్లు దాన్ని ఒంట్లో మోస్తూనే ఆయన వేదికల మీద దూకారు, గజ్జె కట్టారు. ఆయన సభలకు పోయిన ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. ఆయన ఎగిరి కాలు నేలకు తాటించినప్పుడు చూసేవాళ్ల గుండెలు గుభేలుమనేవి. ఆ భయమూ, ఆ మమకారమూ పాటలో కలిసిపోయాయి.

సినిమాకు ఆయన రాసింది తక్కువ. దాసరి నారాయణరావు దర్శకత్వంలో ఆర్. నారాయణమూర్తి నటించిన ‘ఒరేయ్ రిక్షా’ 1995లో వచ్చింది. అందులో అన్న చెల్లెలి కోసం పాడే ‘నీ పాదం మీద పుట్టుమచ్చనై’ని వందేమాతరం శ్రీనివాస్ పాడారు. విప్లవం, జెండా, తుపాకీ ఏవీ లేని పాట అది. పెళ్లయి పోయే ఆడబిడ్డ మీద అన్న ప్రేమ తప్ప మరోటి లేదు. అందుకే ఆయన రాజకీయాలతో ఏ సంబంధమూ లేని ఇళ్లలోకి కూడా వెళ్లింది. పెళ్లి అప్పగింతల వేళ, రాఖీ పండుగనాడు నేటికీ వినబడుతుంది. దానికి వచ్చిన నంది పురస్కారాన్ని ఆయన తీసుకోలేదు.

1990ల చివర తెలంగాణ డిమాండ్ మళ్లీ లేచినప్పుడు ఆయన ‘అమ్మా తెలంగాణమా’ రాశారు. నదులు, పంటలు, గనులు ఇన్ని ఉన్న నేల ఎందుకు ఆకలిగా ఉందని అడిగే పాట అది. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం అనే ఆటపాటల సభ జననాట్యమండలి పద్ధతిని ఉద్యమసభల పద్ధతిగా మార్చింది. ప్రసంగాల మధ్య పాటలు ఉండే కాలం పోయి, పాటల మధ్య ప్రసంగాలు సర్దుకునే కాలం వచ్చింది. 2011లో ఎన్. శంకర్ తీసిన ‘జై బోలో తెలంగాణ’లో గద్దర్ రాసి, పాడి, నటించిన ‘పొడుస్తున్న పొద్దు మీద’ ఆ ఉద్యమానికి దాదాపు గీతమే అయింది. రాస్తారోకోల్లో, వంటావార్పుల్లో, కాలేజీ దీక్షా శిబిరాల్లో అది లేని రోజు లేదు. జీడిమెట్ల షెడ్లలో పనిచేసే తండ్రుల పాట, ఉస్మానియాలో చదివే కొడుకుల పాట ఒకటైపోవడం ఆ ఏళ్లలోనే జరిగింది.

ఆయన మార్గం మీద తగవులు లేకపోలేదు. సాయుధ పోరాటాన్ని పాడినందుకు, నక్సలైట్ల చేతిలో ఆప్తులను పోగొట్టుకున్న కుటుంబాలు, పోలీసులు ఆయనను క్షమించలేదు. 2010లో తెలంగాణ ప్రజాఫ్రంట్ పెట్టి, ఆపైన మావోయిస్టు ఉద్యమానికి దూరమై, 2017లో యాదాద్రి, కొమురవెల్లి గుళ్లకు వెళ్లి, 2018లో జీవితంలో మొదటిసారి ఓటు వేసినప్పుడు పాత సహచరులు నొచ్చుకున్నారు. ఆయన రాజ్యాంగం పుస్తకం చేతబట్టి తిరిగారు. 2023 జూన్‌లో సొంతపార్టీ ప్రకటించారు, జూలై 2న ఖమ్మంలో రాహుల్ గాంధీ సభలో కనబడ్డారు. పాటను ప్రేమించి రాజకీయాన్ని ఒప్పుకోనివాళ్లు, రాజకీయాన్ని నమ్మి ఈ చివరి మలుపును ఒప్పుకోనివాళ్లు, రెండు రకాలవాళ్లూ ఆయన అభిమానుల్లో ఉన్నారు. పాట పాడేటప్పుడు మాత్రం ఈ తేడా కనబడదు.

గుండె ఆపరేషన్ తర్వాత కోలుకుంటూ ఉండగా 2023 ఆగస్టు 6న ఆయన అమీర్‌పేటలోని ఆస్పత్రిలో కన్నుమూశారు. భౌతికకాయాన్ని ఎల్బీ స్టేడియంలో ఉంచితే రాత్రంతా జనం వచ్చారు, డప్పులతో వచ్చారు, పాడుతూ నిలబడ్డారు. మర్నాడు గన్‌పార్క్ అమరవీరుల స్థూపం మీదుగా అంతిమయాత్ర అల్వాల్‌కు సాగింది. ఎన్నో ఏళ్లు ప్రభుత్వం వెతికిన మనిషికి అదే ప్రభుత్వ యంత్రాంగం అధికార లాంఛనాలతో వీడ్కోలు చెప్పింది. దాన్ని తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు. బౌద్ధ పద్ధతిలో అంత్యక్రియలు జరిగాయి. అంత్యక్రియల దగ్గరి జనం తొక్కిడిలోనే ఆయన మిత్రుడు, ‘సియాసత్’ ఉర్దూ దినపత్రిక మేనేజింగ్ ఎడిటర్ జహీరుద్దీన్ అలీఖాన్ గుండెపోటుతో మరణించారు.

ఆనాటి నుంచి జనవరి 31, ఆగస్టు 6 కళాకారులకు పాటల రోజులయ్యాయి. 2024 జనవరి 31న రవీంద్రభారతిలో జరిగిన జయంతి సభలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఇకపై నంది పురస్కారాల స్థానంలో గద్దర్ పేరిట సినిమా పురస్కారాలు ఇస్తామని ప్రకటించారు. తొలి ప్రదానం 2025 జూన్ 14న హైటెక్స్‌లో జరిగింది. నందిని కాదన్న మనిషి పేరే నంది స్థానంలోకి వచ్చింది. పద్మ పురస్కారానికి రాష్ట్రం ఆయన పేరు పంపినా కేంద్రం ఇవ్వలేదు. 2025 జనవరిలో దాని మీద పెద్ద వాదమే నడిచింది. 2024 నవంబరులో ఆయన కుమార్తె వెన్నెల తెలంగాణ సాంస్కృతిక సారథి అధ్యక్షురాలయ్యారు. ఉద్యమంలో పాడిన కళాకారులకు ఉద్యోగాలిచ్చిన ప్రభుత్వ సంస్థ అది.

పురస్కారాలు, విగ్రహాలు ఒక ఎత్తు. అసలు స్మరణ పాడటంలోనే ఉంది, అక్కడ ఒక చిక్కూ ఉంది. గద్దర్ పాటకు ఒక్క స్థిరమైన పాఠం లేదు. ఆయన వేదికను బట్టి, ఊరిని బట్టి, ఆ వారం జరిగిన సంగతిని బట్టి చరణాలు చేర్చేవారు, తీసేసేవారు. 1980ల క్యాసెట్‌లో ఉన్న చరణం అచ్చు పుస్తకంలో ఉండకపోవచ్చు, 2010 సభలో పాడింది ఆ రెండింటిలోనూ లేకపోవచ్చు. పాతబడి తెగిపోతున్న క్యాసెట్లను, పాకెట్ సైజు పాటల పుస్తకాలను, సభల రికార్డింగులను పోల్చి చూసి, ఏ చరణం ఎప్పటిదో తేల్చే పని పరిశోధకులు తొందరగా చేయాలి. నలభై ఏళ్లనాటి టేపు ఇంకెంతో కాలం నిలవదు, ఆ సభల్లో వంత పాడినవాళ్లూ పెద్దవాళ్లవుతున్నారు. పాడేవాళ్లు మాత్రం అది తేలేదాకా ఆగడం లేదు. తమకు వచ్చిన చరణాలు పాడి, రానిచోట తమ ఊరి సంగతి ఒకటి కలుపుకుని ముందుకు పోతున్నారు. ఆయన పాడిన పద్ధతి కూడా అదే.